ముందు చివరి వాక్యం చదవండి: డేటా ఇంజనీర్ పరీక్షపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గూగుల్ క్లౌడ్ ప్రొఫెషనల్ డేటా ఇంజనీర్ సర్టిఫికేషన్ గురించే. గూగుల్ క్లౌడ్ సేవలతో డేటా వ్యవస్థలు కట్టే నైపుణ్యానికి గూగుల్ పెట్టే పరీక్ష ఇది. అందరికీ పనికొచ్చే ప్రశ్నలను ఎంచి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాలుగేళ్లుగా ఈటీఎల్ (డేటాను ఒకచోట నుంచి తీసి, మార్చి, మరోచోట నింపే) పని చేస్తున్నాను, ఎస్‌క్యూఎల్‌లో చేయి తిరిగింది. క్లౌడ్ మాత్రం ముట్టుకోలేదు. నేరుగా ప్రొఫెషనల్ పరీక్షకే కూర్చోవచ్చా?

జవాబు: కూర్చోవచ్చు. ముందు ఫలానా పరీక్ష పాసై ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. ఈ రంగంలో మూడేళ్ల అనుభవం, అందులో కనీసం ఏడాది గూగుల్ క్లౌడ్ మీద ఉంటే మంచిదని గూగుల్ అంటుంది. అది సలహా మాత్రమే. పరీక్ష రెండు గంటలు, ఫీజు 200 డాలర్లు, పన్ను అదనం. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది.

రోజుకు గంటన్నర కేటాయించగలిగితే పది పన్నెండు వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు బిగ్‌క్వెరీ (పెద్ద డేటాను ఎస్‌క్యూఎల్‌తో విశ్లేషించే గూగుల్ సేవ) జోలికి పోవద్దు. ప్రాజెక్టులు, సర్వీస్ అకౌంట్లు (ప్రోగ్రాములు వాడే ఖాతాలు), ఐఏఎం రోల్స్ (ఎవరికి ఏ హక్కో చెప్పేవి), రీజియన్లు (డేటా సెంటర్లున్న ప్రాంతాలు) చదవండి. డేటాబేస్ నేపథ్యం ఉన్నవాళ్లు మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఉదాహరణకు, ఒకరికి డేటాసెట్ (టేబుళ్ల సమూహం) మీద డేటా వ్యూయర్ రోల్ ఇస్తే టేబుల్ చదివే హక్కు వస్తుంది. క్వెరీ నడపాలంటే మాత్రం ప్రాజెక్టులో జాబ్ యూజర్ రోల్ కూడా కావాలి. అసలు టేబుల్ చూపించకుండా కొన్ని కాలమ్స్ మాత్రమే చూపించాలంటే ఆథరైజ్డ్ వ్యూ. ఇలాంటివి సిలబస్‌లో ప్రత్యేక అధ్యాయంగా ఉండవు, అన్ని విభాగాల్లోనూ దూరి వస్తాయి.

ప్రశ్న: గూగుల్ డేటా నిల్వ సేవలైన బిగ్‌క్వెరీ, బిగ్‌టేబుల్, స్పానర్, క్లౌడ్ ఎస్‌క్యూఎల్ విడివిడిగా బాగానే అర్థమయ్యాయి. ప్రశ్న ముందుకొచ్చేసరికి రెండు జవాబులు ఒప్పే అనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: మీ అనుమానం నిజమే, చాలా ప్రశ్నల్లో ఆ రెండూ పనిచేసేవే. కాకపోతే ఒకటి ప్రశ్నలో పెట్టిన షరతుకు నిలవదు. ఖర్చు తగ్గాలి, నిర్వహణ భారం తక్కువుండాలి, ఉన్న కోడ్ మార్చకూడదు, జవాబు మిల్లీసెకన్లలో రావాలి... ఇలాంటి షరతు తరచూ చివరి వాక్యంలో ఉంటుంది. అందుకే ముందు చివరి వాక్యం చదివి, తర్వాత పైనుంచి మొదలుపెట్టండి. మేమైతే ఈ పరీక్షకు ఇంతకంటే విలువైన అలవాటు లేదంటాం.

వేల సెన్సర్ల నుంచి ఆగకుండా రీడింగులు వస్తున్నాయి, ఏ పరికరం అడిగినా తాజా విలువ మిల్లీసెకన్లలో చూపాలి అన్నారనుకోండి, బిగ్‌టేబుల్. అవే రీడింగుల మీద నెలవారీ సగటులు ఎస్‌క్యూఎల్‌తో తీయాలంటే బిగ్‌క్వెరీ. రెండు ఖాతాల మధ్య డబ్బు బదిలీ, వినియోగదారులు వేర్వేరు ఖండాల్లో, లెక్క ఎక్కడా తప్పకూడదు అంటే స్పానర్. ఇక్కడ బిగ్‌టేబుల్ ఎందుకు కాదో కూడా తెలియాలి: దానికి ఒక్క రో వరకే ట్రాన్సాక్షన్ (మార్పులన్నీ కలిసి జరగాలి, లేదా ఏదీ జరగకూడదు) హామీ ఉంది, రెండు రోలను కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌లో మార్చలేదు. ఇక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తున్న అప్లికేషన్, ఒకే రీజియన్, కొన్ని వందల జీబీల డేటా అయితే క్లౌడ్ ఎస్‌క్యూఎల్ చాలు. అక్కడ స్పానర్ పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

బిగ్‌టేబుల్ రో కీ (ఒక్కో రోను గుర్తించే విలువ) మీద దాదాపు తప్పకుండా అడుగుతారు. రోలు కీ అక్షరక్రమంలో పేర్చి ఉంటాయి. కీ ముందు టైమ్‌స్టాంప్ పెడితే కొత్త రాతలన్నీ వరస చివరికే వెళ్లి, భారమంతా ఒకే నోడ్ (సర్వర్) మీద పడుతుంది. దీన్నే హాట్‌స్పాట్ అంటారు. నోడ్లు పెంచినా ఇది తగ్గదు, జవాబుల్లో అదొక ఎర. పరికరం ఐడీ ముందు, సమయం తర్వాత వచ్చేలా కీ మార్చాలి. సమస్య ఎక్కడుందో చూడటానికి కీ విజువలైజర్ అనే సాధనం ఉంది. ఎస్ఎస్‌డీతో మొదలుపెట్టిన ఇన్‌స్టెన్స్‌ను హెచ్‌డీడీకి మార్చలేరు, కొత్తది పెట్టి డేటా తరలించాలి.

బిగ్‌క్వెరీలో పార్టిషన్ (టేబుల్‌ను తేదీ లాంటి కాలమ్ ప్రకారం ముక్కలు చేయడం), క్లస్టరింగ్ (రోలను కాలమ్ విలువల వరసలో పేర్చడం) వేర్వేరు. క్లస్టరింగ్‌కు నాలుగు కాలమ్స్ వరకు ఇవ్వొచ్చు, వాటి వరస ముఖ్యం. మొదటి కాలమ్ మీద ఫిల్టర్ లేకుండా మూడోదాని మీద మాత్రమే పెడితే పెద్దగా లాభం రాదు. పార్టిషన్ కాలమ్‌ను సబ్‌క్వెరీ ఫలితంతో పోల్చినా పార్టిషన్లు వదిలేయడం జరగదు, టేబుల్ మొత్తం చదువుతుంది.

ప్రశ్న: డేటాఫ్లోలో (వచ్చే డేటాను ప్రాసెస్ చేసే గూగుల్ సేవ) విండోలు (డేటాను సమయం ప్రకారం చేసే ముక్కలు), వాటర్‌మార్క్ ఎన్నిసార్లు చదివినా మర్చిపోతున్నాను.

జవాబు: నిర్వచనాలు కాకుండా ప్రశ్నలో వచ్చే మాటలు గుర్తుంచుకోండి. ‘ఐదు నిమిషాలకోసారి, గత గంట సగటు’ అంటే స్లైడింగ్ విండో: నిడివి గంట, అడుగు ఐదు నిమిషాలు. ‘ప్రతి గంటకు మొత్తం’ అంటే ఫిక్స్‌డ్. ‘వినియోగదారు 30 నిమిషాలు ఏమీ చేయకపోతే’ అంటే సెషన్.

ఫలానా సమయం వరకు జరిగిన ఘటనల డేటా అంతా వచ్చేసి ఉంటుందని సిస్టమ్ వేసుకునే అంచనాయే వాటర్‌మార్క్. విండో ముగింపును అది దాటాక వచ్చిన రికార్డు ఆలస్యమైనట్టు లెక్క. బీమ్‌లో (డేటాఫ్లో ప్రోగ్రాములు రాసే ఫ్రేమ్‌వర్క్) ఆలస్యానికి అనుమతి డిఫాల్టుగా సున్నా, కాబట్టి మీరేమీ చెప్పకపోతే ఆ రికార్డు పడిపోతుంది. ‘మొబైల్ నెట్‌వర్క్ పోయి రికార్డులు గంట ఆలస్యంగా వస్తున్నాయి, లెక్కలు తక్కువ చూపిస్తున్నాయి’ అన్న ప్రశ్నకు కారణం ఇదే.

ఇంకో రెండు: జాబ్ ఆపేటప్పుడు డ్రెయిన్ అయితే చేతిలో ఉన్న డేటా పూర్తి చేసి ఆగుతుంది, క్యాన్సిల్ అయితే వదిలేస్తుంది. పబ్‌సబ్‌లో (మెసేజ్‌లు అందించే సేవ) అక్నాలెడ్జ్ గడువు (మెసేజ్ అందిందని చెప్పాల్సిన సమయం) డిఫాల్టుగా 10 సెకన్లు. మీ కోడ్‌కు అంతకంటే ఎక్కువ పట్టి, గడువు పొడిగించకపోతే అదే మెసేజ్ మళ్లీ వస్తుంది, డూప్లికేట్లు కనిపిస్తాయి.

ప్రశ్న: సొంత అకౌంట్లో ప్రాక్టీస్ చేయాలంటే బిల్లు భయం.

జవాబు: కొత్త అకౌంటుకు 90 రోజులు వాడుకునేలా 300 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. కార్డు ఇవ్వడం ఇష్టం లేకపోతే బిగ్‌క్వెరీ శాండ్‌బాక్స్ ఉంది: నెలకు ఒక టీబీ క్వెరీలు, 10 జీబీ స్టోరేజీ. టేబుల్స్ 60 రోజులకు చెరిగిపోతాయి, స్ట్రీమింగ్ ఉండదు.

బిల్లు పెరిగేది చాలావరకు మర్చిపోయినవాటి వల్ల. బిగ్‌టేబుల్, స్పానర్, కంపోజర్ (పనులను వరసగా నడిపే సేవ) ఖాళీగా ఉన్నా గంటలు లెక్కకడతాయి, స్ట్రీమింగ్ డేటాఫ్లో జాబ్ దానంతటది ఆగదు. బడ్జెట్ అలర్ట్ ఖర్చును ఆపదు, మెయిల్ పంపుతుందంతే. మామూలు టేబుల్ మీద ‘లిమిట్ 10’ అని రాసినా చదివే బైట్లు తగ్గవు. నడిపే ముందు డ్రై రన్ చేస్తే ఎంత చదువుతుందో తెలుస్తుంది.

అన్నీ తలా కాస్త చూసేకంటే ఒకే పైప్‌లైన్ పూర్తిగా కట్టండి. టాక్సీ ప్రయాణాల పబ్లిక్ పబ్‌సబ్ టాపిక్‌ను గూగుల్ ఉచితంగా ఉంచింది. దానికి సబ్‌స్క్రిప్షన్ పెట్టి, డేటాఫ్లోలో ఐదు నిమిషాల విండోలు చేసి, బిగ్‌క్వెరీలోకి రాయండి. నడిచాక చెడగొట్టండి: సొంత టాపిక్ నుంచి తప్పుడు జేసన్ (డేటా రాసే ఒక ఫార్మాట్) పంపి అది విడిగా వేరే టేబుల్‌కు వెళ్తోందో లేదో చూడండి, సర్వీస్ అకౌంట్ నుంచి ఒక రోల్ తీసేసి వచ్చే ఎర్రర్ చదవండి. ఇలా చెడగొట్టి చూడటం వృథా కాదు, పరీక్షలో నిర్వహణ విభాగానికి 18 శాతం వెయిటేజీ ఉంది.

ప్రశ్న: ప్రాక్టీస్ టెస్టుల్లో 90 శాతం వచ్చింది, అసలు పరీక్షలో ఫెయిలయ్యాను. ఎక్కడ పోయింది?

జవాబు: ఒకే సెట్ మూడుసార్లు రాస్తే వచ్చే 90 శాతం జ్ఞాపకశక్తికి కొలత. సరైన జవాబు చూసి ముందుకు వెళ్లకండి, మిగతావి ఏ షరతు దగ్గర పడిపోయాయో ఒక్కోదానికి ఒక వాక్యం రాయండి. రాయలేకపోయిన చోటే మీ లోపం. ఫ్లోలాజిస్టిక్, ఎంజేటెల్కో అనే కల్పిత సంస్థల కేస్ స్టడీలు కనిపిస్తే ఆ సెట్ పాతది, పక్కన పెట్టండి. బయట తిరిగే డంప్‌లలో (అసలు పరీక్ష ప్రశ్నలంటూ చేతులు మారే సెట్లు) తప్పు జవాబులు కొల్లలు, పైగా అవి వాడినట్టు తేలితే సర్టిఫికెట్టే రద్దు చేయొచ్చు.

మొదటిసారి తప్పితే 14 రోజులు, రెండోసారికి 60 రోజులు, మూడోసారికి ఏడాది ఆగాలి. ప్రతిసారీ ఫీజు కట్టాలి. 14 రోజులకే పరుగెత్తకండి, నెల తీసుకోండి.

ప్రశ్న: పరీక్షలో సమయం సరిపోతుందా?

జవాబు: ప్రశ్నకు కనీసం రెండు నిమిషాలు వస్తాయి. రెండు నిమిషాల్లో తేలకపోతే దగ్గరగా అనిపించినది పెట్టి, రివ్యూకు గుర్తు పెట్టి కదలండి. చివర్లో 20 నిమిషాలు మిగిలేలా చూసుకోండి. రెండు జవాబులు ఎంచాల్సిన ప్రశ్నలకు ఒక్కటే పెట్టి వచ్చేవాళ్లుంటారు, ఆ సమయంలో ముందు అవి చూడండి. ఇంటి నుంచి రాస్తే గుర్తింపు కార్డులోని పేరు రిజిస్ట్రేషన్‌లోని పేరుతో సరిపోవాలి. సరిపోకపోతే పరీక్ష రోజున మార్చే వీలుండదు, బుక్ చేసిన రోజే చూసుకోండి.