పోస్టర్లు తర్వాత

ప్రశ్న: పర్లాకిమిడిలో క్రైస్తవ పాఠశాల ఉపాధ్యాయినిని. తెలుగు, ఒడియా పిల్లలు, సవర గిరిజన పిల్లలు అందరూ ఇది తమ బడే అనుకునేలా చూడమని నాకు అప్పగించారు. పోస్టర్లతో మొదలుపెట్టనా?

జవాబు: వద్దమ్మా, హాజరుపట్టీతో మొదలుపెట్టండి. సవర పిల్లను ఇంట్లో పిలిచే పేరుతోనే పిలుస్తున్నారా? ఉదయం ప్రార్థనలో సవర పాట ఉంటే, దాన్ని ఆ పిల్లలే ఎంచుకోనివ్వండి. వార్షికోత్సవానికి మాత్రమే వాళ్లకు వేషం కట్టించి వేదికెక్కించడం నాకు ఒళ్లుమంట. మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, 1931లో వ్యాకరణం ప్రచురించారు. మీ ఉపాధ్యాయులు పది మాటలైనా నేర్వలేరా? ఇక హిందూ పిల్లల సంగతి: ప్రభుత్వ గుర్తింపున్న బడిలో మతబోధకు సంరక్షకుల సమ్మతి కావాలని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. ఆ సమ్మతిపత్రం తల్లిదండ్రులకు తెలిసిన భాషలో ఇవ్వండి, చదువురాని వారికి చదివి వినిపించండి.