జనగామ మాట తరువాత, ముందు మీ అబ్బాయి మాట

ప్రశ్న: మేము హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో ఉంటాం. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. మావారు ఒక ఎలక్ట్రికల్ సామాను దుకాణంలో లెక్కలు చూస్తారు. పన్నెండేళ్లుగా తాగుడు అలవాటుంది. రెండేళ్లుగా పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయని మొదలుపెడుతున్నారు. నిరుడు నలభై రోజులు డీ అడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చాక ఐదు నెలలు ముట్టలేదు. మా మరిది ఇంట్లో దావత్‌కు వెళ్లిన రోజున మళ్లీ మొదలైంది. మా అత్తగారి ఊరు జనగామ. అక్కడ జనం తక్కువ, అందరూ తెలిసినవాళ్లే కనుక సిగ్గుకైనా మానేస్తారనీ, తీసుకెళ్లి వారం రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందనీ మా అన్నయ్య అంటున్నాడు. మందు మాన్పించే పొడి అని అత్తయ్య పంపినది ఆయనకు తెలియకుండా కూరలో కలుపుతున్నాను. ఫ్లాటు అమ్మి జనగామ వెళ్లడం మంచిదేనా? మా బాబు పదో తరగతి. వాడే నాకు కొండంత అండ. రాత్రిపూట వైన్స్ దగ్గర నుంచి వాళ్ల నాన్నను బండి మీద తెచ్చేదీ, దుకాణానికి ఫోన్ చేసి జ్వరమని చెప్పేదీ వాడే.

సమాధానం: అమ్మా, నాలుగు పేజీల మీ ఉత్తరంలో మూడు పేజీలు జనగామకే పోయాయి. బాబు గురించి చివరలో నాలుగు వాక్యాలు రాశారు. నేను ఆ నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయాను.

ముందు మీరు అడిగినదానికి జవాబు చెబుతాను. ఫ్లాటు అమ్మకండి. 2011 జనాభా లెక్కల నాటికే జనగామ పట్టణంలో యాభై వేలకు పైగా జనం ఉన్నారు, 2016లో అది జిల్లా కేంద్రం కూడా అయింది. హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా కిక్కిరిసి ఉన్నారన్నది నిజమే గానీ, జనం పలచబడిన చోట మద్యం కూడా పలచబడుతుందని ఎవరు చెప్పారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణ రాష్ట్రంలో పదిహేనేళ్లు, ఆపైన వయసున్న మగవారిలో 43.3 శాతం మంది తాగుతున్నారు. విడిగా చూస్తే పట్టణాల్లో 33.9 శాతం, పల్లెల్లో 49 శాతం. జనగామ పట్టణమే అయినా, మీ అత్తవారి చుట్టరికాలూ దావత్‌లూ ఆ చుట్టుపక్కల పల్లెలతోనే కదా ముడిపడి ఉన్నాయి. పైగా తెలిసినవాళ్లు ఉండడం మీరు అనుకుంటున్నట్టు ఎప్పుడూ మేలే చేయదు. బోడుప్పల్ వైన్స్‌లో డబ్బు చేతిలో పెడితేనే సీసా ఇస్తారు. తండ్రి పేరు, తాత పేరు తెలిసిన ఊళ్లో బెల్టు షాపువాడు ఖాతా రాసుకుని అర్ధరాత్రి కూడా ఇస్తాడు. ఇక సిగ్గు అంటారా, సిగ్గుపడిన మనిషి మరింత చాటుగా తాగుతాడు, ఆసుపత్రికి వెళ్లడానికి వెనుకాడుతాడు. చికిత్స కోసం మళ్లీ ఎనభై ఐదు కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదుకే రావలసి రావచ్చు.

మీ అన్నయ్యగారు చెప్పిన తాళం ఉపాయం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. లేవగానే చేతులు వణకడం, తాగితే తగ్గడం అంటే శరీరం మద్యానికి పూర్తిగా అలవాటు పడిందని అర్థం. అటువంటి మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తరువాత రెండు మూడు రోజుల్లో మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం, గుండె దడ పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్తీ కల్లును అరికట్టినప్పుడు, దానికి అలవాటుపడినవాళ్లు హఠాత్తుగా అది దొరకక ఎలా ఆసుపత్రుల పాలయ్యారో మన రాష్ట్రం చూసింది. మాన్పించడం డాక్టరు పర్యవేక్షణలో, మందులతో, బి1 విటమిన్ ఇస్తూ జరగాలి. అత్తగారు పంపిన పొడిని కూడా ఈ రోజే పారేయండి. మద్యంతో కలిస్తే వాంతులూ గుండె దడా తెప్పించే మాత్రల్ని డాక్టర్లు రోగికి చెప్పి, పరీక్షలు చేసి, ఆయన ఒప్పుకున్నాకే ఇస్తారు. అందులో ఏముందో తెలియని పొడిని భర్త తినే కూరలో దొంగచాటుగా కలపడం మీకు తగదు. అది ప్రమాదమన్నది ఒక సంగతి. రేపు ఆ విషయం తెలిసిన నాడు ఆయన మీ చేతి అన్నాన్ని కూడా నమ్మడన్నది మరొక సంగతి.

ఇప్పుడు బాబు విషయానికి వస్తాను. పదిహేనేళ్ల పిల్లవాడు, లైసెన్సు లేకుండా, రాత్రివేళ, తూలుతున్న తండ్రిని వెనుక కూర్చోబెట్టుకుని బండి నడుపుతున్నాడు. తెల్లారాక తండ్రి యజమానికి ఫోన్ చేసి అబద్ధం చెబుతున్నాడు. ఆ అబద్ధం వాడికి నేర్పింది ఎవరమ్మా? ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలిసే అడుగుతున్నాను. మీ భర్త తాగుడుకు మీరు కారణం కాదు, ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ భర్త మోయవలసిన బరువును మీరు కొన్నాళ్లు మోసి, అలసిపోయి, దాన్ని తెచ్చి కొడుకు భుజం మీద పెట్టారు. వాడు మోస్తున్నాడు కనుక దాన్ని అండ అంటున్నారు. ఈ ఇంట్లో అన్నిటికన్నా ముందు సరిదిద్దవలసింది మీకూ మీ కొడుక్కూ మధ్య ఉన్న ఈ ఏర్పాటు. మీ దంపతుల సంగతి ఆ తరువాత చూద్దాం.

భార్యగా మీకు ధర్మం ఉందని నేను నమ్ముతాను. జబ్బు చేసిన మనిషిని వదిలేయమని చెప్పే దాన్ని కాదు. వ్యసనం జబ్బేనని 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా గుర్తించింది. అయితే జ్వరమని అబద్ధం చెప్పి ఉద్యోగం నిలబెట్టడం సేవ కిందికి రాదు. తాగిన మరుసటి రోజు పర్యవసానం ఆయన గడప తొక్కకుండా మీరిద్దరూ అడ్డుపడుతున్నారు, అందుకే మానవలసిన అవసరం ఆయనకు తోచడం లేదు. రేపటి నుంచి ఫోన్ ఆయనే చేసుకోవాలి. వైన్స్ దగ్గరికి బాబు వెళ్లకూడదు. తప్పనిసరైతే మీ అన్నయ్యగారు వెళ్లాలి, ఊరు మారమని సలహా ఇచ్చిన మనిషి ఆ మాత్రం శ్రమ తీసుకోవచ్చు.

ఆ ఐదు నెలల గురించి ఒక మాట చెప్పాలి. మీరు దాన్ని ఓటమిగా రాశారు, నాకు అలా అనిపించలేదు. ఒంట్లో నుంచి మద్యం దిగడానికి వారం పది రోజులు చాలు. దాన్ని ముట్టకుండా బతకడం నేర్చుకోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. మధుమేహంలాగే ఇది తిరగబెట్టే స్వభావం ఉన్న జబ్బు, మానేసిన మొదటి ఏడాదిలో ఆ ముప్పు మరీ ఎక్కువ. సెంటర్ నుంచి వచ్చాక ఆయన మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లారా, కోరికను తగ్గించే మందులు ఏవైనా వాడారా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఐదో నెలలో ఆయనను దావత్‌కు ఎవరు పంపారన్నదీ లేదు. మరిది ఏమనుకుంటాడోనని మీరే వెంటబెట్టుకుని వెళ్లి ఉంటారని నా అనుమానం.

ఆయన మత్తులో లేని వేళ చూసి, బాబు ఎదుట కాకుండా, ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ మీకు నమ్మకమున్న మానసిక వైద్యుడి దగ్గరకు గానీ వెళ్దామని అడగండి. వెంటనే ఒప్పుకోకపోతే మీరు ఒక్కరైనా 14446కు ఫోన్ చేసి మాట్లాడండి. అది వ్యసనాల కోసమే నడుస్తున్న ఉచిత నంబరు. బాబుకు మనసు బాగోలేదని తోస్తే 14416 ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన నగరంలో జరుగుతాయి. అక్కడ రుసుము లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. పదిమందికి తెలియకుండా ఇలా సాయం పొందే వీలు ఈ పెద్ద నగరంలోనే ఎక్కువ. ఫ్లాటు అమ్మవద్దనడానికి అదీ ఒక కారణం.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక రాత్రి బాబును పక్కన కూర్చోబెట్టుకుని, ఇకమీదట బండి తాళం నీ దగ్గర ఉండదు, నాన్న గురించి ఎవరికీ అబద్ధం చెప్పనక్కరలేదు, ఇన్నాళ్లూ నీతో చేయించింది నా తప్పు అని చెప్పండి. వాడు వెంటనే ఊరట పడకపోవచ్చు. కోపగించుకోవచ్చు, ఇన్నేళ్లూ ఏం చేశావని మిమ్మల్నే నిలదీయవచ్చు. అప్పుడు మీ కష్టాలు చెప్పుకోకండి. వాడు చెప్పేది చివరిదాకా వినండి.