మా అక్కకి డెలివరీలో రక్తం బాగా పోయింది, పాలు పడలేదు, రెండేళ్ళైనా పీరియడ్స్ రాలేదు, థైరాయిడ్ కోసం చేసిన టీఎస్‌హెచ్ పరీక్ష మాత్రం నార్మల్. ఇంకో బిడ్డ పుడుతుందా? అసలు ఇది పిట్యూటరీ సమస్యా?

అయ్యుండొచ్చండి. మీ అక్కకి కాన్పులో రక్తం ఎక్కించాల్సి రావడం, బిడ్డకి చుక్క పాలు కూడా పడకపోవడం, తర్వాత నెలసరి రాకపోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో ఉన్నాయంటే షీహాన్ సిండ్రోమ్ ఉందేమో తప్పకుండా చూడాలి. 1937లో హెరాల్డ్ షీహాన్ అనే పాథాలజిస్ట్ దీని గురించి వివరంగా రాశాడు, అందుకే ఆ పేరు. నేను డాక్టర్ని కాదు, మా పిన్నికి ఇదే జబ్బు, ఆవిడని హాస్పిటళ్ళ చుట్టూ తిప్పింది నేనే, అలా తెలిసినవే రాస్తున్నా.

పిట్యూటరీ అంటే మెదడు కింద, ముక్కుకి వెనకాల ఎముక గుంటలో ఉండే శనగగింజంత గ్రంథి. థైరాయిడ్, కిడ్నీల పైనుండే అడ్రినల్స్, అండాశయాలు అన్నీ దాని మాట మీదే నడుస్తాయి, పాలు పడటానికి కావాల్సిన ప్రొలాక్టిన్ కూడా అక్కడ్నుంచే వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు అది బాగా పెద్దదవుతుంది కానీ దానికి రక్తం అందే దారి మాత్రం అంత పెరగదు, అలాంటి టైంలో రక్తం పోయి బీపీ పడిపోతే అందులో కొంత భాగం రక్తం అందక చచ్చిపోతుంది. ఎంత పోయిందన్న దాన్నిబట్టి కొందరికి వెంటనే తెలుస్తుంది, చాలామందికి ఏళ్ళు పడుతుంది.

మా పిన్నికి ఏళ్ళే పట్టింది. పొద్దున లేస్తే ఒళ్ళు కదలదు, ఎండాకాలంలో కూడా దుప్పటి కావాలి, చెమట పట్టదు, చంకల్లో వెంట్రుకలు రాలిపోయి మళ్ళీ రాలేదు, మొహం పాలిపోయి చిన్న వయసులోనే సన్నటి ముడతలు. ఎవరికి చూపించినా రక్తం తక్కువుంది అనేవాళ్ళు, ఐరన్ మాత్రలు రాసి గ్లూకోజ్ ఎక్కించి పంపేవాళ్ళు, రెండ్రోజులు బాగుండి మళ్ళీ అంతే. కాన్పు ఎలా జరిగిందని ఒక్కరు కూడా అడగలేదు, నాకు ఇప్పటికీ బాధనిపించేది అదే. చివరికి ఓసారి జ్వరం, వాంతులు వచ్చి మాట తడబడి మగతలోకి వెళ్ళిపోయింది, సోడియం చూస్తే 110 దగ్గరుంది (మామూలుగా 135 నుంచి 145 ఉండాలి). అక్కడ డ్యూటీలో ఉన్న ఒకమ్మాయి, పీజీ చదువుతున్న డాక్టరు, "పిల్లలకి పాలు మీరే ఇచ్చారా అమ్మా" అని అడిగింది చూడండి, ఆ ఒక్క ప్రశ్నతో దారి దొరికింది.

ఇక టీఎస్‌హెచ్ సంగతి. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పనిచెయ్యమని చెప్పే హార్మోన్, దాన్ని తయారుచేసేది పిట్యూటరీయే. మామూలు థైరాయిడ్ జబ్బులో గ్రంథి పనిచెయ్యట్లేదని పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది, కానీ దెబ్బతిన్నది పిట్యూటరీయే అయితే ఎక్కడ పెంచుతుంది? అందుకని అది నార్మల్‌గానో, తక్కువగానో, ఒక్కోసారి కాస్త ఎక్కువగానో ఉండి, అసలు థైరాయిడ్ హార్మోన్ మాత్రం తక్కువుంటుంది. ఆ థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చూసే ఫ్రీ టీ4 పరీక్ష తప్పకుండా చేయించండి, దాంతో పాటు పొద్దున 8 గంటలకి కార్టిసాల్ (అడ్రినల్స్ తయారుచేసే స్టెరాయిడ్ హార్మోన్), సోడియం, ప్రొలాక్టిన్, ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (చివరి రెండూ అండాశయాల్ని నడిపే పిట్యూటరీ హార్మోన్లు). ఎమ్మారై తర్వాత డాక్టరే రాస్తారు, పిట్యూటరీ ఉండాల్సిన చోటు చాలావరకు ఖాళీగా కనబడొచ్చు, రిపోర్టులో ఎంప్టీ సెల్లా అని ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. ఫ్రీ టీ4 తక్కువ వచ్చింది కదా అని కార్టిసాల్ చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టనివ్వకండి. ఆ మాత్ర ఒంట్లో మిగిలున్న కాస్త కార్టిసాల్‌ని కూడా త్వరగా ఖర్చు చేసేస్తుంది, మనిషి కుప్పకూలిపోవచ్చు. కార్టిసాల్ తక్కువుంటే ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాక్సిన్ (అదే థైరాయిడ్ మాత్ర), వరస అదే.

స్టెరాయిడ్ అనగానే మా ఇంట్లో కూడా అందరూ కంగారుపడ్డారు, ఒళ్ళు వాస్తుందని, ఎముకలు పోతాయని. ఒంట్లో రోజూ తయారవ్వాల్సింది తయారవ్వట్లేదు కాబట్టి అంతవరకే బయట నుంచి ఇస్తారండి, పిన్ని రోజూ పొద్దున వేసుకునేది 5 ఎంజీ ప్రెడ్నిసొలోన్, కొందరికి హైడ్రోకార్టిసోన్ రెండు మూడు పూటలుగా ఇస్తారు. మోతాదు అవసరానికి మించకుండా డాక్టర్ చూసుకుంటారు, మన పని ఒక్కరోజు కూడా ఆపకపోవడం. ఉపవాసమని, పెళ్ళి హడావుడని, బాగానే ఉన్నా కదా అని మానేస్తే ప్రాణం మీదకొస్తుంది. జ్వరం వస్తే డోసు రెట్టింపు చెయ్యమని మాకు చెప్పారు, వాంతులై మాత్ర లోపల నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ 100 ఎంజీ ఇంజెక్షన్ పడాలి. ఈ ముక్క కాగితం మీద రాసి పిన్ని పర్సులో పెట్టాం.

ఇంకో బిడ్డ సంగతి అడిగారు కదా, హార్మోన్ ఇంజెక్షన్లతో గర్భం వచ్చినవాళ్ళు ఉన్నారు, కానీ ముందు కార్టిసాల్, థైరాయిడ్ కుదురుకోవాలి.

ఎండోక్రైనాలజిస్ట్‌కే, అంటే హార్మోన్ల డాక్టర్‌కే చూపించండి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, తిరుపతిలో స్విమ్స్, వైజాగ్‌లో కేజీహెచ్, వీటన్నిట్లో ఆ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు డెలివరీ డిశ్చార్జ్ షీట్ తీసుకెళ్ళండి, పాలు పడలేదన్న విషయం వాళ్ళు అడక్కపోయినా మీరే చెప్పండి. అపాయింట్‌మెంట్ ఇంకా వారం ఉందనగా మీ అక్కకి వాంతులు, మగత, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి మొదలైతే మాత్రం ఆగొద్దు, వెంటనే దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి సోడియం, షుగర్, కార్టిసాల్ చూడమనండి.