తెచ్చిన మూడు ఎల్‌ఈడీలూ మాడిపోయాయి, తప్పెవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బ్యాటరీ, ఎల్‌ఈడీ (రెండు తీగ కాళ్లుండే గింజంత దీపం) చుట్టూనే తిరిగాయి. అన్నీ ఒడిశా వైపు ఊళ్లనుంచే, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కాశీనగర్, జయపురం. నేనూ ఆ వైపే పెరిగినవాణ్ణి కాబట్టి మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్‌కి చిన్న దీపం చేద్దామని మూడు ఎర్ర ఎల్‌ఈడీలు, ఒక 9 వోల్టుల బ్యాటరీ కొన్నాను. ఒక ఎల్‌ఈడీ కాళ్లు బ్యాటరీకి ఆనించగానే ఒక్క క్షణం బాగా వెలిగి ఆరిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. షాపాయన నాసిరకం అంటగట్టాడని నాన్న అంటున్నారు. ఎగ్జిబిషన్ దగ్గరకొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకమ్మా, ఒక్క సాయంత్రం చాలు. షాపాయన తప్పేం లేదు, ఎల్‌ఈడీల తప్పూ లేదు. బ్యాటరీకీ ఎల్‌ఈడీకీ మధ్య ఉండాల్సిన భాగం ఒకటి లేదు. దాని పేరు రెసిస్టర్. అది చూపించే అడ్డుని మీ ఒడియా పుస్తకంలో ‘ప్రతిరోధ’ అని చదువుకుని ఉంటావు, తెలుగు పుస్తకాల్లో దాన్నే నిరోధం అంటారు. పేరు ఏదైనా పని ఒకటే, కరెంటుని ఇంతకు మించి పోనివ్వకుండా పట్టి ఉంచడం.

పాత టార్చిలైటు బల్బుని సెల్లుకి నేరుగా ఆనిస్తే హాయిగా వెలిగేది కదా, దీనికెందుకీ గొడవ అని నీకు అనిపించవచ్చు. ఆ బల్బులో ఉండేది సన్నటి తీగ. వేడెక్కేకొద్దీ ఆ తీగ నిరోధం పెరుగుతుంది కాబట్టి దానంతట అదే కరెంటుని తగ్గించుకుంటుంది. ఎల్‌ఈడీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మహేంద్రతనయ పొంగినప్పుడు ఒడ్డున నిలబడి చూశావా? నీరు గట్టు అంచుదాకా వచ్చేవరకు వీధిలోకి చుక్క కూడా రాదు, గట్టు మీద నాలుగు వేళ్లు పెరిగిందంటే మాత్రం ఇక ఆపడం ఎవరి తరం కాదు. ఎర్ర ఎల్‌ఈడీకి ఆ గట్టు ఎత్తు సుమారు 2 వోల్టులు. అంతకంటే తక్కువ ఇస్తే వెలగనే వెలగదు, దాటి కొంచెం ఎక్కువైనా కరెంటు అమాంతం పెరిగిపోతుంది, పైగా వేడెక్కేకొద్దీ ఆ గట్టు ఇంకాస్త కుంగుతుంది, దాంతో మరింత కరెంటు లాగుతుంది. నువ్వు పెట్టింది 9 వోల్టులు. 20 మిల్లీఆంపియర్ల కరెంటు తట్టుకునే వస్తువులోంచి వందల మిల్లీఆంపియర్లు పోయాయి. నీ దగ్గర మాడిపోయిన ఎల్‌ఈడీలు ఇంకా ఉంటే వెలుతురులో పట్టుకుని లోపల చూడు, మధ్యలో చిన్న నల్ల మచ్చ కనిపించవచ్చు.

ఇప్పుడు లెక్క. బ్యాటరీ 9 వోల్టులు, అందులో ఎల్‌ఈడీ 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 7 వోల్టుల్నీ రెసిస్టర్ మోయాలి. మనకి 20 మిల్లీఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్ కావాలనుకుందాం. ఏడుని 0.02తో భాగిస్తే 350 ఓములు, నిరోధాన్ని కొలిచేది ఓముల్లోనే. సరిగ్గా 350 షాపులో దొరకదు, దాని పైన దొరికేదే తీసుకోవాలి, కిందది ఎప్పుడూ వద్దు. 470 ఓములది అడుగు, దాంతో 15 మిల్లీఆంపియర్ల దాకా పోతుంది, వెలుగు బాగానే ఉంటుంది. దాని మీద చారలు పసుపు, ఊదా, గోధుమ వరసలో ఉంటాయి, చివర ఎడంగా బంగారు రంగు చార ఒకటి. అది దొరకకపోతే 1000 ఓములది తీసుకో, దాని చారలు గోధుమ, నలుపు, ఎరుపు. వెలుగు కాస్త తగ్గుతుంది, అయినా బల్ల మీద పెట్టి చూపించడానికి ధారాళంగా సరిపోతుంది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. పావు వాట్ రెసిస్టర్ చాలు, షాపుల్లో మామూలుగా ఇచ్చేది అదే.

ఎల్‌ఈడీ కాళ్లలో పొడుగుది ప్లస్సు, పొట్టిది మైనస్సు. రెసిస్టర్‌కి అటూ ఇటూ తేడా లేదు, ఎలా పెట్టినా ఒకటే. దాన్ని ఎల్‌ఈడీకి ప్లస్సు వైపు పెట్టాలా మైనస్సు వైపు పెట్టాలా అని చాలామంది తలబాదుకుంటారు. ఎటు పెట్టినా సరే, ఒకే దారి కాబట్టి రెండింటిలోంచీ పోయేది ఒకే కరెంటు. ఎల్‌ఈడీ వెలగకపోతే కాళ్లు తిప్పి చూడు, తిరగేసి మాత్రం ఎక్కువసేపు ఉంచకు. మామూలు ఎల్‌ఈడీలు తిరగేస్తే 5 వోల్టులకి మించి భరించలేవు, నీది 9 వోల్టుల బ్యాటరీ.

ఒక్క అలవాటు చేసుకో. నా చిన్నప్పుడు మా వీధిలో రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. నాకు మొట్టమొదటి ఎల్‌ఈడీ ఇచ్చింది ఆయనే. ఇచ్చేముందు దాని పొడుగు కాలికి రెసిస్టర్ తీగని మూడు చుట్లు తిప్పి, ముక్కు పట్టకారుతో నొక్కి, "రెండిటినీ విడదీయకు, విడదీస్తే ఎర్రది సచ్చిపోద్ది" అన్నారు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. ఎల్‌ఈడీ చేతికి రాగానే ముందు రెసిస్టర్ కలిపేస్తాను, ఆ తర్వాతే బ్యాటరీ వైపు చూస్తాను. నువ్వూ అలా చెయ్యి, నాలుగోది మాడదు. వైరు తొక్క మాత్రం పళ్లతో లాగకు, బ్లేడుతో చుట్టూ మెల్లగా గీసి లాగితే వచ్చేస్తుంది. తొక్క తీసిన రాగి పోగులు చెల్లాచెదురుగా ఉంటే వేళ్లతో మెలిపెట్టి ఒక్కటిగా చెయ్యి, అతుకు వదులుగా ఉంటే ఎగ్జిబిషన్ రోజున మినుకుమినుకుమంటుంది.

ప్రశ్న: గుణుపురం నుంచి రాస్తున్నాను, రిటైరైన టీచర్ని. మనవడి కోసం గోడగడియారంలో వేసే సెల్లు రెండు, 100 ఓముల రెసిస్టర్ పెట్టి ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించాను, బాగానే ఉంది. అదే చోట తెల్లది పెడితే వెలిగీ వెలగనట్టు ఉంది. రెసిస్టర్ తీసేయవచ్చా?

జవాబు: మాస్టారూ, తీయకండి, సెల్లు పెంచండి. పైన చెప్పిన గట్టు ఒక్కో రంగుకి ఒక్కో ఎత్తులో ఉంటుంది. ఎరుపుకి 2 వోల్టుల దగ్గర ఉంటే నీలానికీ తెలుపుకీ 3 వోల్టులు, ఆపైన. మీ రెండు సెల్లూ కలిపి 3 వోల్టులే, కాస్త వాడినవైతే అంతకూడా ఉండదు. మూడు సెల్లు వరసగా పెడితే 4.5 వోల్టులు వస్తుంది, అదే 100 ఓములతో 13 మిల్లీఆంపియర్ల దాకా పోయి చక్కగా వెలుగుతుంది.

మీరు టీచరు కాబట్టి మనవడికి ఇంకొంచెం చెప్పగలరు. కంటికి కనిపించే ఎర్ర వెలుగుతో ఎల్‌ఈడీని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేసి చూపించాడు. బాగా వెలిగే నీలం రావడానికి ఆ తర్వాత మరో ముప్పై ఏళ్లు పట్టింది. నీలం కాంతికి ఎక్కువ శక్తి కావాలి, దానికి తగిన గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని నాణ్యంగా పెంచడమే చాలాకాలం ఎవరికీ సాధ్యం కాలేదు. జపాన్‌లో పుట్టిన ముగ్గురు, ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా దాన్ని సాధించారు, అందుకే 2014లో ఫిజిక్సు నోబెల్ వాళ్లకి వచ్చింది. ఇక తెల్ల ఎల్‌ఈడీ అంటూ విడిగా ఒకటి లేదు, అదీ లోపల నీలమే. దాని మీద పసుపు పూత వేస్తారు, నీలం కాంతిలో కొంత ఆ పూతలో పసుపుగా మారి, రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఆరి ఉన్న తెల్ల ఎల్‌ఈడీని నెత్తి మీంచి చూడమనండి, లోపల పసుపు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్కని మొదటిసారి చూసిన పిల్లల మొహం చూడాలి మీరు.

ప్రశ్న: మాది రాయగడ. మా గుంటడికి పన్నెండేళ్లు. సెల్లు కొనమని డబ్బులు ఇవ్వలేదని పాత ఫోను బ్యాటరీ విప్పి దానికి వైర్లు పెట్టి ఎల్‌ఈడీలు వెలిగిస్తున్నాడు. ఫరవాలేదా?

జవాబు: వద్దండీ, ఈ రోజే తీసేయండి. ఫోను బ్యాటరీ లిథియంది. ప్లస్సూ మైనస్సూ పొరపాటున తగిలాయంటే క్షణంలో వైరు ఎర్రగా కాలుతుంది. ఉబ్బినదైనా, గుచ్చుకున్నదైనా మంటే అంటుకోవచ్చు, ఆ మంట అంత తేలిగ్గా ఆరదు. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచకండి, చెత్తబుట్టలోనూ వేయకండి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి. గోడగడియారం సెల్లు రెండు, వాటిని పెట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొనివ్వండి, ఖర్చు పెద్దగా ఉండదు. వాడు చేసే పనిని మాత్రం ఆపకండి. ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు పాడైన బొమ్మల్లో, పాత రేడియో బోర్డుల్లో బోలెడు దొరుకుతాయి, కరెంటు ప్లగ్గుకి పెట్టే వస్తువు జోలికి వెళ్లకుండా సెల్లుతో నడిచే వాటినే విప్పమనండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే గుండీలాంటి బిళ్ల సెల్లు మాత్రం తేవద్దు. మింగితే గొంతులోపల కాలి పుండు పడుతుంది, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అనుమానం వస్తే చాలు, ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ప్రశ్న: కాశీనగర్ దగ్గర పల్లె మాది. తిత్లీ తుపాను అప్పుడు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో ఉన్నాం. ఐదు తెల్ల ఎల్‌ఈడీలతో సెల్లు దీపం ఒకటి చేసి పెట్టుకుందామనుకుంటున్నాను. ఐదింటికీ కలిపి ఒక్క రెసిస్టర్ చాలదా? ఎన్ని గంటలు వెలుగుతుంది?

జవాబు: 2018 అక్టోబర్‌లో వచ్చిన ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటినా గజపతి జిల్లా కొండల్లో ఎంత నష్టం చేసిందో మా బంధువుల ఇళ్లల్లో చూశాను, మీ భయం నాకు తెలుసమ్మా. తప్పకుండా చేసి పెట్టుకోండి.

ఒక్క రెసిస్టర్‌తో సరిపెట్టకండి, ఐదింటికీ ఐదు పెట్టండి. ఒకే పొట్లంలో వచ్చిన ఎల్‌ఈడీలైనా గట్టు ఎత్తులో రవ్వంత తేడా ఉంటుంది. అన్నిటినీ ఒకే రెసిస్టర్ కింద కడితే ఏది ముందు తెరుచుకుంటుందో అదే ఎక్కువ కరెంటు తాగేస్తుంది, పక్కవి మసగ్గా ఉంటాయి. అది మాడిపోతే దాని వాటా మిగతా వాటి మీద పడుతుంది. మూడు సెల్లు వరసగా పెట్టి, ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో 100 ఓముల రెసిస్టర్ జతచేసి, ఆ ఐదు జతల్నీ పక్కపక్కన కట్టండి, ప్లస్సులన్నీ ఒక వైరుకి, మైనస్సులన్నీ ఇంకో వైరుకి. మధ్యలో ఒక స్విచ్చి. ప్రతి అతుకు మీదా నల్ల టేపు చుట్టండి, గాలివానలో బయటికి పట్టుకెళ్లినప్పుడు వైర్లు ఒకదానికొకటి తగిలితే సెల్లు వట్టిపోతాయి.

ఐదూ కలిసి సుమారు 65 మిల్లీఆంపియర్లు తీసుకుంటాయి. మంచి ఆల్కలైన్ సెల్లు 2000 మిల్లీఆంపియర్ గంటల దాకా ఇస్తుంది కాబట్టి కాగితం మీద 30 గంటలు. కానీ సెల్లు వాడేకొద్దీ వోల్టేజీ దిగుతుంది, తొలి రాత్రి ఉన్న వెలుగు నాలుగో రాత్రికి ఉండదు. చవక జింకు సెల్లయితే ఇందులో సగం కూడా ఆశ పెట్టుకోవద్దు. అందుకని రెండు ఎల్‌ఈడీలకి ఒక స్విచ్చి, మూడింటికి ఇంకో స్విచ్చి పెట్టుకుంటే మంచిది. వంట చేసేటప్పుడు ఐదూ, పడుకున్నాక పిల్లల కోసం రెండే. సెల్లు దీపంలోనే వదిలేసి ఏడాదిపాటు అటకెక్కించారంటే కారి, తెల్లగా బూజులా పట్టి డబ్బాలోని రేకుల్ని తినేస్తాయి. సెల్లు విడిగా పొడిగుడ్డలో చుట్టి, దీపం పక్కనే పెట్టుకోండి, తుపాను హెచ్చరిక విన్న రోజు వేసి ఒకసారి వెలిగించి చూసుకోండి.

ప్రశ్న: జయపురంలో ఉంటాం. పాడైన టీవీ రిమోట్ లోంచి ఎల్‌ఈడీ తీసి, రెసిస్టర్ కూడా పెట్టి చూశాను, ఎటు తిప్పినా వెలగడం లేదు. పోయిందా?

జవాబు: పోలేదేమో, అది వెలుగుతూనే ఉండవచ్చు. రిమోట్ ముందు భాగంలో ఉండేది పరారుణ కాంతి ఇచ్చే ఎల్‌ఈడీ, ఆ కాంతి మన కంటికి కనిపించదు, టీవీకి మాత్రమే తెలుస్తుంది. గదిలో లైటు ఆపి, ఫోను కెమెరా తెరిచి దాని ముందు పెట్టండి, తెరమీద లేత ఊదా చుక్కలా కనిపిస్తుంది. వెనక కెమెరాతో కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి, కొన్ని ఫోన్లలో వెనకదానికి ఆ కాంతిని ఆపే ఫిల్టర్ ఉంటుంది. రెండింటిలోనూ కనపడకపోతే అప్పుడు కాళ్లు తిప్పి ఇంకోసారి చూడండి.