శక్తుల్లేని హీరోని రాస్తున్నావట కదా

ఒరేయ్ చిన్నా,

నువ్వు కామిక్ బుక్ మొదలుపెట్టావని, అందులో హీరోకీ విలన్‌కీ ఏ శక్తులూ ఉండవని, బొమ్మలేసే నీ ఫ్రెండ్‌తో కలిసి తెల్లవార్లూ కూర్చుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. సగం మురిసిపోతూ, సగం కంగారుపడుతూ చెప్పింది. నాకూ అంతే అయింది. ఇన్నాళ్లూ పిల్లల పత్రికలో బొమ్మల కథలు దిద్దుకుంటూ, మాటల బెలూన్లలో అక్షరాలు రాసుకుంటూ బతికినదాన్ని. మన ఇంట్లో ఒక్కడైనా ఈ దారి పట్టాడంటే గర్వంగా ఉండదా? కానీ ఈ దారిలో ఎవరెవరు ఎక్కడ జారారో కూడా చూశాను కాబట్టి టెన్షన్. అందుకే ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు.

ముందు అందరూ చెప్పేవి చెప్పేస్తాను. కథ చివరిదాకా రాసుకున్నాకే బొమ్మలు మొదలుపెట్టండి. ఒక గడిలో ఒక్క పనే జరగాలి. బెలూన్లో నువ్వు రాసిన దాంట్లో సగం కొట్టెయ్. బొమ్మలేసే ఆ అమ్మాయికి మణికట్టు నొప్పి వస్తే ఆ పూట పని ఆపమను. అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. శక్తులు లేకపోతే రాయడం తేలికని నువ్వనుకుంటున్నావేమో, నాకైతే అదే ఎక్కువ కష్టం. సూపర్‌మ్యాన్ కథ రాసేవాడికి వాణ్ణి ఏది బాధపెడుతుందా అన్నది సమస్య. నీ హీరోని తలుపు సందులో పడ్డ వేలు కూడా బాధపెడుతుంది, వాడు పేజీ చివరిదాకా ఎలా బతికి ఉన్నాడో నువ్వు ప్రతిసారీ లెక్క చెప్పాలి. 1987లో ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మజుకెల్లి కలిసి బ్యాట్‌మ్యాన్ తొలి ఏడాది కథ చేశారు కదా, అది మళ్లీ తీసి చూడు. బ్రూస్ వేన్, అంటే ముసుగు లేని బ్యాట్‌మ్యాన్, మొదటిసారి వీధిలోకి వెళ్లినప్పుడు ముసుగు కూడా ఉండదు. ఒక చిన్న పిల్ల చేతిలో కత్తిపోటు తింటాడు, పోలీసుల చేతిలో తూటా తింటాడు, నెత్తురోడుతూ ఇల్లు చేరతాడు. సరే, తర్వాత గబ్బిలం వేషం కట్టాడు కదా, అప్పుడైనా దర్జాగా ఉంటాడా అంటే, మొదట్లోనే ఫైర్ ఎస్కేప్ మెట్ల మీద చిల్లర దొంగల దగ్గర తడబడతాడు. వాళ్లలో ఒకడు జారి కింద పడబోతే వాణ్ణి ఒక చేత్తో పట్టుకుని ఉంటాడు, మిగతావాళ్లేమో వీణ్ణి చితకబాదుతుంటారు. ఆ చెయ్యి వదిలేస్తే తను బయటపడతాడు, కానీ వదలడు. వాడు హీరో అని ఎవరూ బెలూన్లో రాయనక్కర్లేకుండా అక్కడే తెలిసిపోతుంది. నీ మొదటి సంచికలో అలాంటి చెయ్యి ఒకటి ఉందా? లేకపోతే ఇంకా మొదలుపెట్టకు.

ఇక నేను చూసిన పెద్ద పొరపాటు గురించి. ఇది కాస్త పొడుగే, ఓపిగ్గా చదువు.

మా పత్రికలో ఒక సీరియల్ వచ్చేది. హీరో పగలు లైబ్రరీలో గుమాస్తా, రాత్రి ముసుగు. మొదట్లో ఎంత బాగుండేదో! బీరువాల వెనక దాక్కునేవాడు, దొంగ సంతకం పెట్టింది ఎవరో సిరా మరకని బట్టి పట్టేసేవాడు, దెబ్బలాట వస్తే సగంసార్లు పారిపోయేవాడు. పిల్లలు పడి చచ్చేవారు. తర్వాత ప్రతి వారం చివరి గడిలో గుండె ఆగిపోయేలా ఏదో ఒకటి ఉండాలన్నారు. సరే, గోడ దూకాడు. మరుసటి వారం ఆ గోడ చిన్నదైపోయింది. తర్వాత ఒకళ్లతో కాదు, పదిమందితో తలపడాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు కదా, విలన్ కూడా పెరుగుతూ పోయాడు. చివరికి ఒక వారం మూడో అంతస్తు బాల్కనీ నుంచి దూకి, బట్టలు దులుపుకుని నడిచి వెళ్లిపోయాడు. ఆ గడిలో 'ధన్' అని పెద్ద అక్షరాలతో రాసింది నేనే. రాసేటప్పుడే అడిగాను, వీడి కాలికి కనీసం కట్టయినా కట్టరా అని. హీరో కుంటితే పిల్లలు ఏడుస్తారన్నాడు మా రచయిత. ఎడిటర్ కూడా ఆయన వైపే.

కొన్నాళ్లకి ఒక పిల్లాడి ఉత్తరం వచ్చింది. గీతల కాగితం మీద, ప్రతి అక్షరం నొక్కి నొక్కి రాశాడు. "ఆయన వేసుకునే బూట్లు ఏ రకమో రాయండి. మా మేడ కూడా అంతే ఎత్తు." అంతే, ఇంకేం లేదు. ఆఫీసులో అందరూ నవ్వారు, మన సీరియల్ ఎంత పాపులరో చూడండి అన్నారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఆ రోజే జవాబు రాసి పోస్టు చేశాను: బాబూ, ఆ బూట్లు ఎక్కడా దొరకవు, బొమ్మలేసే అంకుల్ గీశాడంతే, నిజంగా దూకితే కాళ్లు విరుగుతాయి అని. మళ్లీ ఆ పిల్లాడి నుంచి ఉత్తరం రాలేదు. చదివి మానేసి ఉంటాడనే అనుకుంటాను. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

అది ఇప్పటికీ నా మెడ మీద కూర్చుని ఉంది, అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నాను. సూపర్‌మ్యాన్‌లా ఎగరాలని పిల్లలకి ఎంత ఉన్నా, వాడు వేరే గ్రహం వాడని ఎక్కడో తెలుసు. నీ హీరో మనలాంటివాడేనని నువ్వే మొదటి పేజీలో మాట ఇస్తున్నావు. మాట ఇచ్చి ఆరో పేజీలో తప్పితే అది పచ్చి అబద్ధం.

నువ్వేం అంటావో నాకు తెలుసు. "పెద్దమ్మా, బ్యాట్‌మ్యాన్ ఒక్కడే దేవుళ్లలాంటి వాళ్లని కొట్టేస్తాడు కదా, ముందే ప్లాన్ చేసుకుంటే చాలు" అంటావు. ఆ ప్లాన్ అనేదే దొడ్డిదారిన వచ్చిన సూపర్ పవర్ నాన్నా. డబ్బు కూడా అంతే, ఎంత ఖర్చయినా వెనక్కి చూసుకోనక్కర్లేని డబ్బు ఉంటే అదీ శక్తే. 1993లో బేన్ అనే విలన్ బ్యాట్‌మ్యాన్ నడుము విరిచే కథ నాకు ఎందుకు నచ్చుతుందంటే, వాడు నేరుగా రాడు. ముందు ఆర్ఖమ్ పిచ్చాసుపత్రిలో ఉన్న పిచ్చి నేరగాళ్లనందర్నీ బయటికి వదిలేస్తాడు. వాళ్లని ఒక్కొక్కర్నీ పట్టుకుని పట్టుకుని బ్యాట్‌మ్యాన్ నిద్రలేక తూలిపోతున్నప్పుడు వాడి సొంత ఇంట్లోనే బేన్ కాచుకుని కూర్చుంటాడు. (బేన్ ఒంట్లోకి మందు ఎక్కించుకుంటాడు కాబట్టి నీ లెక్కలోకి పూర్తిగా రాడు, అది వేరే సంగతి.) మనిషికి అలసట వస్తుందన్న ఒక్క ముక్క మీద అంత పెద్ద కథ నడిపారు.

అడవిలో ఉండే ముసుగు హీరో ఫాంటమ్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు, ఫాంటమ్ 1936లోనే వచ్చాడు. వాడికి చావు లేదని అడవంతా నమ్ముతుంది. తీరా చూస్తే తండ్రి తర్వాత కొడుకు అదే వేషం వేసుకుంటూ వస్తున్నారు, మనం చూసేవాడు ఇరవై ఒకటోవాడు. వాడి శక్తంతా జనం చెప్పుకునే కబుర్లలో ఉంది. ఇలాంటిది వాడుకో, నేను అడ్డుపడను.

హాక్‌ఐ కామిక్‌లో 2014లో వచ్చిన ఆ పంతొమ్మిదో సంచిక కూడా చూడు. విలుకాడు కదా, చెవులు దెబ్బతిని వినబడకుండా పోతుంది. అక్కడ వేరేవాళ్ల మాటల బెలూన్లు ఖాళీగా వదిలేశారు, సైగల భాషని చేతుల బొమ్మలతోనే చూపించారు, కింద అర్థం కూడా రాయలేదు. బెలూన్లు రాసుకుంటూ బతికినదాన్ని, ఖాళీ బెలూన్ చూసి అంత అసూయపడతానని అనుకోలేదు! దెబ్బ తగిలితే అది పేజీ మీద కనపడాలంటే అదీ.

ఇక నీ విలన్. మీ అమ్మ చెప్పినదాన్నిబట్టి వాడు కండలు తిరిగి, హీరో కంటే బాగా కొట్టేవాడు. ఎందుకురా? 1986లో అదే మిల్లర్, మజుకెల్లి జోడీ చేసిన డేర్‌డెవిల్ కథలో విలన్ కింగ్‌పిన్‌ని చూడు. మనిషి కొండలా ఉంటాడు, అయినా చాలాసేపు చెయ్యే ఎత్తడు. హీరో అసలు పేరు తెలిసింది, అంతే. బ్యాంకు ఖాతాలు ఆగిపోతాయి, ఒక పోలీసు దొంగ సాక్ష్యం చెప్తాడు, లాయర్ వృత్తి పోతుంది. పాపం వాడు ఇదంతా తన తలరాతే అనుకుంటాడు. చివరికి ఇల్లు బాంబుతో పేలిపోయినప్పుడు గానీ ఇది ఎవరి పనో అర్థం కాదు. ఆ బాంబు పెట్టకుండా ఆగి ఉంటే కింగ్‌పిన్ దొరికేవాడే కాదు, అహంకారం ఆగనివ్వలేదు. కాగితాలతో మనిషిని చంపే విలన్ అంటే నాకు నిజంగా భయం.

సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్‌ది ఇంకో రకం గుడ్డితనం. 1987లో జాన్ బర్న్ రాసిన ఒక సంచికలో క్లార్క్ కెంటే సూపర్‌మ్యాన్ అని లూథర్ సొంత కంప్యూటర్ తేల్చి చెప్పేస్తుంది. లూథర్ నమ్మడు. అంత బలం ఉన్నవాడు మామూలు మనిషిలా ఎందుకు నటిస్తాడు అంటాడు, కంప్యూటర్ మీద ఆ లెక్క తేల్చిన ఉద్యోగినిని పనిలోంచి తీసేస్తాడు. ప్రపంచంలో కెల్లా తెలివైనవాడు చేతిలో జవాబు పెట్టుకుని చించేశాడు చూడు. నీ విలన్‌కి ఏది కనపడదో ముందు అది రాసుకో, వాడికేం చేతనవునో తర్వాత.

నా ఇంకో భయం: వాడు హీరో కంటే ముద్దొచ్చేస్తాడేమోనని. బ్యాట్‌మ్యాన్ విలన్ జోకర్ 1940లో మొదటిసారి వచ్చిన సంచికలోనే చచ్చిపోవాల్సినవాడు. ఎడిటర్ ఆపి, బతికే ఉన్నాడని ఒక గడి చేర్పించాడు, ఇవాళ్టికీ వాడు పోలేదు. తుపాకీతో నేరగాళ్లని చంపే పనిషర్ 1974లో స్పైడర్‌మ్యాన్‌ని చంపడానికి వచ్చినవాడు. తర్వాత వాడి పుర్రె గుర్తుని నిజం పోలీసులే బండ్ల మీద అంటించుకున్నారు. 2019లో ఒక సంచికలో ఆ స్టిక్కర్‌ని వాడి చేతే చింపించి, నన్ను కాదు, కెప్టెన్ అమెరికాని చూసి నేర్చుకోండని చెప్పించాల్సి వచ్చింది. అప్పటికి చాలా ఆలస్యం. శక్తులు లేనివాణ్ణి చూసి "ఇది నేనూ చెయ్యగలను" అనుకుంటారు చదివేవాళ్లు. హీరో విషయంలో అది వరమే, విలన్ దగ్గరే ప్రమాదం. వాడు చేసినదానికి దెబ్బ తిన్నవాళ్ల మొహాలు గీయించు. పేర్లు పెట్టు. తర్వాతి సంచికలో కూడా వాళ్లు కనపడాలి.

చివరిగా ఒకటి, దీనికి మాత్రం వాదించకు. నువ్వూ ఆ అమ్మాయీ కాగితం రాసుకోండి, కవర్ మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉండాలని. ఫ్రెండ్సే కదా అంటావు, అందుకే ఇప్పుడే రాసుకోమంటున్నాను. బ్యాట్‌మ్యాన్ 1939లో వచ్చాడు. ఆ ముసుగూ, ఆ కేపూ, మొదటి కథలూ రచయిత బిల్ ఫింగర్ చలవే. కాంట్రాక్టు బొమ్మలేసిన బాబ్ కేన్ ఒక్కడి పేరు మీద ఉంది. ఫింగర్ 1974లో పోయాడు, 'బిల్ ఫింగర్‌తో కలిసి' అన్న ముక్క అధికారికంగా 2015లో గానీ ఎక్కలేదు. ఆ అమ్మాయికి నువ్వు ఇలాంటిది చేస్తే నేను మీ అమ్మ వైపు కూడా ఉండను, ఆ అమ్మాయి వైపే ఉంటాను.

మొదటి పేజీలు పెన్సిల్‌తో గీసినప్పుడే నాకు పంపు. ఇంకు వేశాక పంపితే నా తిట్లు దండగ, మీ కాగితం దండగ. విలన్ మొహం గీసిన పేజీ ముందు పంపు, బాల్కనీ దూకుడు ఏదైనా ఉంటే అది అసలు పంపకు, చింపేసెయ్. రాత్రి పన్నెండు దాటాక కూర్చోవద్దని మీ అమ్మ చెప్పమంది, చెప్పాను. కథ బాగా నడుస్తుంటే మాత్రం ఒంటిగంట దాకా కూర్చో, ఆవిడకి చెప్పకు.

మీ పెద్దమ్మ