చెల్లెలికి స్టెతస్కోప్ కాదు, సెకన్ల ముల్లున్న వాచీ కొనివ్వండి

మీ చెల్లెలు తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉందన్నారు. చదువైపోయిన కొత్త నర్సులు ఏం కొనుక్కోవాలని ఎదురుచూస్తారో చెబితే అదే కానుకగా ఇస్తానని, స్టెతస్కోప్ అయితే బాగుంటుందేమోనని అడిగారు. నేను ఈ ఊళ్ళోనే జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివాను, ఇక్కడే ప్రైవేటు ఆస్పత్రుల్లో పనిచేశాను, కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పాను. అందుకే తడుముకోకుండా చెబుతున్నా. స్టెత్ వద్దు, వాచీ కొనివ్వండి. పెద్ద డయలు, తేటగా కనిపించే అంకెలు, ముఖ్యంగా సెకన్ల ముల్లు ఉన్న వాచీ.

ఎదురుచూడటం సంగతికొస్తే, హాస్టల్లో లైట్లు తీసేశాక మా మాటలన్నీ మొదటి జీతం మీదే. ఒకరికి స్కూటీ, ఒకరికి మంచి ఫోను, ఒకరికి వాళ్ళమ్మకు పట్టుచీర. ఎక్కువమందికి మాత్రం కమ్మలు. చదువుకునే రోజుల్లో గోళ్ళు పెంచకూడదు, రంగు వేయకూడదు, వేలాడే కమ్మలు పెట్టకూడదు, జుట్టు ముడేసి నెట్ పెట్టాలి. ఇన్‌ఫెక్షన్ల దృష్ట్యా ఆ నియమాలు సరైనవే, కానీ ఇరవై ఏళ్ళ పిల్లకు ఆశ ఉండదా? మా ఊరి పిల్లలైతే జీతంలో కొంత హుండీకని పక్కన పెట్టి, అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి మొక్కు తీర్చుకుని వస్తారు. బయటి దేశాలకు పోవాలనుకునేవాళ్ళు ఏమీ కొనరు. జర్మనీకి బీ2 స్థాయి దాకా జర్మన్ రావాలి, ఇంగ్లండ్‌కు ఓఈటీయో ఐఈఎల్‌టీఎస్సో, ఏదో ఒక ఇంగ్లిషు పరీక్ష పాసవ్వాలి. కోచింగుకూ ఫీజులకే జీతం చాలదు వాళ్ళకు.

అసలు విషయం ఏమంటే, ఆ మొదటి జీతం చాలామందికి తమది కాదు. మా నాయనకు బంగారుపాళ్యం దగ్గర కొంచెం తోతాపురి తోట ఉంది. కాయ బాగా కాసిన ఏడాది పల్ప్ ఫ్యాక్టరీల్లో రేటు పడిపోతుంది, రేటున్న ఏడాది కాయ ఉండదు. నా ఫీజులకు అమ్మ గాజులు కుదువకు పోయాయి. నా జీతం వచ్చిందే ఆ వడ్డీ కట్టడానికి. నాతో చేరిన పిల్లలందరి ఇళ్ళలోనూ ఇలాంటి లెక్క ఏదో ఒకటి ఉండేది. జీతాలు చూస్తే అంతంతమాత్రం. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లోనే చెప్పింది: 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని. నేను చేరిన చోట 9,000 ఇచ్చారు. అందులోనూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. ఈ మాట ఎక్కడ దొరికితే అక్కడ చెబుతాను, ఎందుకంటే నర్సులు కొనుక్కునేవాటి గురించి మాట్లాడాలంటే ముందు వాళ్ళ చేతికి ఏం వస్తుందో మాట్లాడాలి.

ఇంటికి పంపగా మిగిలినదాంతో నేను గాంధీ రోడ్డుకు వెళ్ళాను. ట్రైనింగులో పక్క అమ్మాయి వాచీ చూసి పల్స్ లెక్కపెట్టేదాన్ని, డ్యూటీలో అలా కుదరదు. వాచీల కొట్టాయన ట్రే తీసి ముందు పెట్టాడు. అన్నీ గాజుల్లా సన్నగా, బంగారు పూతతో, చిటికెనవేలి గోరంత డయలు. అంకెల బదులు నాలుగు రాళ్ళు. రెండే ముళ్ళు.

‘సెకన్ల ముల్లు ఏదన్నా?’ అన్నాను.

‘లేడీస్ వాచీలో అది రాదు పాపా. టైమ్ చూసేదానికి అదెందుకు?’

‘నేను నర్సునన్నా. నాడి చూసేదానికి కావాల.’

ఆయన ఇంకేం మాట్లాడకుండా మగవాళ్ళ ట్రే తెచ్చాడు. తెల్ల డయలు, నల్ల అంకెలు, ఎర్ర సెకన్ల ముల్లు ఉన్నది ఒకటి తీశాను. కొట్లోనే నిలబడి ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి, ముల్లు పన్నెండు దగ్గరికి రాగానే మొదలుపెట్టి, మళ్ళీ పన్నెండు చేరేదాకా నా నాడి నేనే లెక్కపెట్టుకున్నాను. ఆ నిమిషమంతా ఆయన వెనకాల గిరాకీని కూడా ఆగమని చెయ్యి చూపించాడు. బెల్టు నా చేతికి వదులైతే కుట్టు దాటి ఇంకో రెండు రంధ్రాలు కొట్టి ఇచ్చాడు. పల్స్ లెక్కపెట్టడానికే జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1707 నాటికే ప్రత్యేకంగా ఒక నిమిషం నడిచే వాచీ తయారు చేయించుకున్నాడు. ఇన్ని లక్షల మంది ఆడవాళ్ళు నర్సులుగా బతుకుతున్న దేశంలో ఆడవాళ్ళ వాచీల్లో చాలావాటికి ఆ ఒక్క ముల్లు పెట్టకపోవడం నాకు ఇప్పటికీ కోపమే.

ఆ వాచీ విలువ నాకు తొందరలోనే తెలిసింది. మార్నింగ్ డ్యూటీ. పీలేరు వైపు నుంచి వచ్చిన ఒక తాత, గుండె జబ్బు, డిగాక్సిన్ మాత్ర మీద ఉన్నాడు. ఆ మాత్ర ఇచ్చే ముందు ఛాతీ మీద స్టెత్ పెట్టి గుండె చప్పుడు నిమిషం పాటు లెక్కపెట్టాలి, 60 కంటే తక్కువుంటే ఇవ్వకుండా డాక్టరుకు చెప్పాలి. మాకు నూరిపోసిన పాఠం అది. కేస్ షీటు తీస్తే రాత్రి పల్స్ 72 అని ఉంది. పక్క మంచం షీటులోనూ 72. దాని పక్కదీ 72. ఎవరూ చెయ్యి పట్టుకోలేదని తెలిసిపోయింది. వార్డు నిండా రోగులుంటే ఒక్క నర్సు ఏం చేస్తుందనేది నిజమే. టీచింగ్ ఆస్పత్రిలో ముగ్గురికి ఒకరు, మిగతా చోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం పెట్టింది, మా దగ్గర ఏనాడూ లేదు. అయినా చూడని అంకె రాయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

‘రెండు దినాలుగా కూడు సయించడం లేదమ్మా, కడుపులో తిప్పతాందంటాడు’ అంది మంచం పక్కనున్న అవ్వ. తాత ఛాతీ మీద స్టెత్ పెట్టి, వాచీ వైపు చూస్తూ లెక్కపెట్టాను. 48. నమ్మలేక మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టినా అంతే. మాత్ర కప్పులోనే ఉంచి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆకలి చావడం, వాంతికొచ్చినట్టు ఉండటం, నాడి నెమ్మదించడం, మూడూ కలిస్తే ఆ మందు ఒంట్లో ఎక్కువైందని అనుమానించాలి. ఈసీజీ తీశారు, రక్తం పంపారు, మాత్ర ఆపేశారు. కొన్నాళ్ళకు తాత ఇంటికి నడిచి వెళ్ళాడు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే అలవాటు నాకు ఆనాటి నుంచి గిట్టదు. నాడి గతి తప్పినవాళ్ళ దగ్గర ఆ లెక్క పనికిరాదు.

ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంది కదా అంటారు. ఒక చెయ్యి రోగి మణికట్టు మీద ఉంటుంది, రెండో చేతికి గ్లవ్ ఉంటుంది, ఫోన్ ఎక్కడ పెడతారు? స్మార్ట్ వాచీ అయితే సరిగ్గా నలభయ్యో సెకను దగ్గర తెర ఆరిపోతుంది. పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టాలన్నా నిండు నిమిషం చూడాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న బిడ్డకు 50, ఏడాది దాటి ఐదేళ్ళ లోపువాళ్ళకు 40, ఆపైన వస్తే న్యుమోనియా ఏమోనని చూస్తాం. 500 ఎం.ఎల్. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలంటే, 20 చుక్కలకు ఒక ఎం.ఎల్. పడే సెట్టుతో నిమిషానికి 42 చుక్కలు. ఇదంతా సెకన్ల ముల్లు పనే.

స్టెత్ ఎందుకు వద్దన్నానంటే, అది చెడ్డదని కాదు. బీపీ చూడటానికి నర్సుకు స్టెత్ కావాల్సిందే, అది డాక్టర్ల సొత్తు అనేవాళ్ళకు ఏమీ తెలియదు. కానీ లిట్‌మన్ లాంటి పేరున్న కంపెనీది వేలల్లో ఉంటుంది, నకిలీలు కూడా తిరుగుతున్నాయి. పైగా వార్డులో ‘సిస్టర్, స్టెత్’ అని డాక్టర్లు చెయ్యి చాపుతారు, వెళ్ళిన స్టెత్ మళ్ళీ రాదు. ట్రైనింగులో వాడినది ఆమె దగ్గర ఎలాగూ ఉంటుంది. ఏ వార్డులో పోస్టింగ్ వస్తుందో తెలిశాక ఆమే చూసి కొనుక్కుంటుంది.

వాచీ తీసుకునేటప్పుడు తోలు బెల్టు వద్దు, రోజుకు అన్నిసార్లు చేతులు కడిగితే నాని వాసనొస్తుంది. రబ్బరుదో స్టీలుదో చూడండి. నీళ్ళు చొరబడనిది, చీకట్లో ముళ్ళు వెలిగేది అయితే నైట్ డ్యూటీకి బాగా పనికొస్తుంది. మోచేతి కింద ఏమీ ఉండకూడదనే ఐసీయూలో వేస్తే, గౌను మీద తలకిందులుగా పిన్ చేసుకునే నర్సుల వాచీ ఆన్‌లైన్లో దొరుకుతుంది. డబ్బులు మిగిలితే మెత్తటి అడుగున్న మూత బూట్లు కొనివ్వండి. కొట్టుకు సాయంత్రం పూట తీసుకెళ్ళండి. పొద్దంతా నిలబడ్డ పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది, ఆ కొలతకు తీసుకుంటేనే నైట్ డ్యూటీలో వేళ్ళు నొక్కుకోవు.