తిరుపతిలో ఉండి సీ గ్లాస్ (సముద్రంలో అరిగి మసకబారిన గాజు ముక్కలు) ఏరుకోవడం కుదురుతుందా? ఆన్‌లైన్‌లో కొన్నవాటిలో ఒక నీలి ముక్క ఉంది, అది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

కుదురుతుంది. తిరుపతికి సముద్రం లేదని ఎవరన్నారు? 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పటినుంచి వాకాడు, సూళ్ళూరుపేట మన జిల్లాలోనే ఉన్నాయి. పొద్దున్నే బయల్దేరి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్తే తూపిలిపాలెం ఒడ్డున ఎండెక్కకముందే దిగొచ్చు. అయినా మనవాళ్ళు గాజు ముక్కలు కావాలంటే చెన్నై బెసంట్ నగర్‌కు పోతారు, లేదంటే ఫోన్‌లో ఆర్డర్ పెడతారు. నాకు అదే బాధ.

నా అభిప్రాయం ఒకటి ముందే చెప్పేస్తాను, చాలామంది ఒప్పుకోరు. ఆ ఒడ్డున దొరికే గాజులో పెద్ద భాగం మన ఊళ్ళదే. స్వర్ణముఖి చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట అన్నీ ఒరుసుకుంటూ వెళ్ళి వాకాడు దాటాక సముద్రంలో కలుస్తుంది. దాదాపు 130 కిలోమీటర్ల ఏరు. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయి ఉంటుంది కాబట్టి అందరికీ అది చెత్తకుండీ. మందు సీసా, టానిక్ సీసా, పగిలిన గాజులు, అన్నీ అందులోకే. 2021 నవంబరు వరద చూసినవాళ్ళకు ఆ ఏరు పొంగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వాకాడు దగ్గర బ్యారేజీ అడ్డం కదా అంటారు. వరదలో గేట్లు ఎత్తకుండా ఎవరుంటారు? అంత బలమున్న నీళ్ళు ఇసుకతోపాటు సీసా పెంకుల్ని మోసుకెళ్ళవా? ఈ ఇసుక తవ్వేవాళ్ళు ఏటిని గుంతలు చేసి వదిలేశారు గానీ, లేకపోతే ఇంకా ఎక్కువే చేరేది.

ఈ నమ్మకం నాకు కుదిరింది 2023 డిసెంబరులో, మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన తర్వాతి వారం. మన తీరంలో ఆటుపోట్ల తేడా తక్కువ, అమావాస్యకూ పున్నమికీ కూడా మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకని మామూలు రోజుల్లో ఒడ్డున కొత్తగా బయటపడేది పెద్దగా ఉండదు. పాత పొర తెరుచుకోవాలంటే తుపానే రావాలి. ఆ రోజు ఏటి మొగ వైపు నడుస్తుంటే ఇసుక కట్ట నిలువునా కోసుకుపోయి ఉంది. దాని అడుగున గవ్వపెంకులు, నల్లటి ఇసుక, కట్టెపుల్లలు, గచ్చకాయలు ఒక చారగా పరుచుకుని ఉన్నాయి. గచ్చకాయ నీళ్ళమీద తేలుతుంది, నెలల తరబడి ఉప్పునీళ్ళలో ఉన్నా చెడదు. మనం చిన్నప్పుడు ఎగరేసి ఆడుకున్నదే.

పడవల పక్కన చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక ముసలావిడ నన్ను గమనిస్తూనే ఉంది.

"ఏందమ్మా, గవ్వలు ఏరుకుంటా ఉండావా?"

"లేదవ్వా, గాజు పెంకులు."

"అవెందుకు? కాల్లో దిగితే తెలస్తాది నీకు" అంటూనే లేచి వచ్చింది. తనూ వంగి చూడటం మొదలుపెట్టింది. ఆమె చూపు ముందు నా చూపు ఏపాటిది! నేను రెండుసార్లు దాటిపోయిన చోట చెయ్యి పెట్టి గుండ్రంగా ఏదో తీసింది. బూజుపట్టిన ఉసిరికాయలా ఉంది. పైట కొంగుతో తుడిచి ఎండకు ఎత్తిపట్టింది. లోపల లేత ఆకుపచ్చ.

"సోడా గోలీ గదా ఇది! మా పిలకాయలు దీనికోసరం సీసాలు పగలగొట్టి తన్నులు తినేవాళ్ళు."

నాకు ఒళ్ళు జలదరించింది. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసు గోలీని మెడలో ఉన్న రబ్బరు వాచర్‌కు అదిమిపెడుతుంది, వేరే మూతతో పని లేదు. ఇంగ్లండులో ఎప్పుడో మూలపడిన ఆ సీసా మన అంగళ్ళలో మొన్నమొన్నటిదాకా కీచుమని అరిచింది. ఆ గోలీ తమ ఊరి అంగట్లోదే అయ్యుంటుందని అవ్వ వాదన. నేను ఒప్పుకోలేదు. గోలీ చుట్టూ ఒక్క చోట కూడా మెరుపు మిగల్లేదు, అన్ని వైపులా ఒకే రకంగా గరుకుతేలి ఉంది. ఒకే ఒడ్డున పడి ఉన్నది అలా అరగదేమో అనిపించింది. ఏటి అడుగున దొర్లి దొర్లి వచ్చిందని నా నమ్మకం. గోలీ మనవడికి ఇస్తానని అవ్వ అడిగింది, ఇచ్చేశాను. దాని పక్కనే దొరికిన సోడా సీసా మెడముక్క నా దగ్గర ఉంది. గోలీ నిలవడానికి నొక్కిన సొట్ట ఇప్పటికీ స్పష్టంగా తెలుస్తుంది.

సోడా గోలీని ఆటగోలీ నుంచి వేరు చెయ్యడం తేలిక. ఆటగోలీ లోపల రంగుల మెలిక ఉంటుంది, సోడా గోలీ అంతా ఒకే రంగు.

ఇక అసలుదో కాదో ఎలా తెలుస్తుందంటే, భూతద్దం కొనుక్కోండి. ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి ఉన్న గాజు నుంచి సోడా, సున్నం కొద్దికొద్దిగా కరిగిపోయి పైన పాలపొర వస్తుంది. రాళ్ళకూ పెంకులకూ కొట్టుకున్న చోట చిన్న చిన్న నెలవంక గీతలు పడతాయి. ఈ రెండూ కలిసి ఉంటే అది సముద్రం చేసిన పని. డ్రమ్ములో ఇసుక వేసి తిప్పిన ముక్కకు నునుపు మసక మాత్రమే ఉంటుంది, నెలవంకలు కనిపించవు. మీరు ఆన్‌లైన్‌లో కొన్న ప్యాకెట్‌లో ముక్కలన్నీ ఒకే సైజులో, ఒకే మసకతో, సగం నీలం సగం ఎరుపుగా ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు, వాపసు పంపండి. ఏ సముద్రమూ అలా రంగులు సరిసమానంగా పంచదు. ప్రపంచంలో ఎక్కడైనా ఎక్కువ దొరికేవి తెలుపు, గోధుమ, ఆకుపచ్చ. నీలం అరుదు, అది ఎక్కువగా పాత మందు సీసాలది, విక్స్ సీసాలది. ఎరుపు ఇంకా అరుదు అని విదేశీ పుస్తకాలు రాస్తాయి గానీ మన ఒడ్డున ఎర్ర ముక్క దొరికితే ముందు దాని వంపు చూడండి. సన్నగా, చక్కటి వంపుతో ఉంటే అది చేతిగాజు. గంగమ్మకు గాజులు పెట్టే ఊళ్ళు మనవి, అవి నీళ్ళలోకి చేరకుండా ఎలా ఉంటాయి? ఓడ దీపాల అద్దమని మురిసిపోయి ఫోటోలు పెట్టేవాళ్ళకు ఇది చెప్పినా వినరు.

దొంగనోట్లు చూసే యూవీ టార్చి ఉంటే చీకట్లో వేసి చూడండి. తెల్ల గాజు సన్నగా ఆకుపచ్చగా వెలిగితే అందులో మాంగనీసు ఉన్నట్టు. గాజు రంగు పోగొట్టడానికి పూర్వం అది కలిపేవాళ్ళు. కళ్ళు చెదిరేంత ఆకుపచ్చగా వెలిగితే యురేనియం కలిపిన గాజు. అలాంటిది దొరికితే దయచేసి నాకు చెప్పండి, చూడాలని ఉంది.

కొనడం గురించి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మా పిన్ని తిరుపతిలో ఒక అంగట్లో దక్షిణావర్త శంఖం, అంటే కుడివైపు మెలికున్న అరుదైన శంఖం అని పెద్ద మొత్తమే పోసి తెచ్చుకుంది. చూడగానే నాకు కడుపు మండింది. అది అమెరికా తూర్పు తీరంలో, మెక్సికో సింధుశాఖలో దొరికే వేరే జాతి నత్తగుల్ల. దానికి పుట్టుకతోనే ఆ వైపు మెలిక ఉంటుంది, అక్కడ అది మామూలు గుల్ల, టెక్సాస్ రాష్ట్రానికి చిహ్నం కూడా. మన పూజ శంఖం నోటి లోపల, నడిమి స్తంభం మీద మూడు నాలుగు గట్టుల్లాంటి మడతలు ఉంటాయి. వేలు పెట్టి తడిమితే తగులుతాయి. పిన్ని తెచ్చిన దాంట్లో నున్నగా ఉంది. దేవుడి పేరు చెప్పి ఇలా అమ్మడం నాకు అస్సలు సహించదు. ఆడవాళ్ళు కూడబెట్టుకున్న డబ్బు అది. శంఖం కొనేముందు వేలు పెట్టి చూడనివ్వని అంగడి నుంచి లేచి వచ్చేయండి.

ఒడ్డున ఏరేటప్పుడు కూడా అన్నీ సంచిలో వేసుకోకండి. పగడపు రాయి, సముద్రగుర్రం, సముద్ర దోసకాయ, కొన్ని రకాల గుల్లలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి, చచ్చినవైనా సరే. తిమింగలం వాంతి అంటూ ఎవరైనా ముద్ద చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోవద్దు, దాన్ని అమ్మడం కొనడం నేరం. తెల్లగా, తేలిగ్గా, అరచేతి పొడవున్న బిళ్ళ దొరికితే అది సముద్రపు నురుగు, అంటే ఒక రకం కణవ చేప ఎముక. చిలకను పెంచేవాళ్ళకు ఇస్తే సంతోషిస్తారు.

ఒడ్డున బీరు సీసాలు పగలగొట్టి "ఇంకో ముప్పై ఏళ్ళకు సీ గ్లాస్ అవుతుందిలే" అనే కుర్రాళ్ళను కూడా చూశాను. ఆ ముప్పై ఏళ్ళూ అక్కడ ఒట్టి కాళ్ళతో వల లాగేది ఎవరు? కొత్తగా పగిలిన పదును ముక్క కనిపిస్తే అది మీ సేకరణకు పనికిరాకపోయినా ఏరి సంచిలో వేసుకురండి. నేను రెండు సంచులు పెట్టుకుంటాను, ఒకటి దానికే.

మీరు కొన్నవాటిలో నీలి ముక్క ఉందన్నారు కదా, దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి ఒక ఫోటో, అంచు దగ్గరగా ఇంకోటి పెట్టండి. నెలవంకలు ఉన్నాయో లేవో చూసి చెప్తాను.